తెంపిన లింకు, కోరుట్ల రోడ్డు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఉన్నారు. రోజూ తొమ్మిదింటికి 'సరే' అని రాస్తారు. దేనికి సరే అన్నది మాత్రం రాయరు. అప్పటికి లిఫ్టు ఆగిపోయిందని ఒకరు, నీళ్ల ట్యాంకరు రాలేదని ఇంకొకరు, మూడో అంతస్తు వాళ్ల కుక్క తమ చెప్పులు కొరికిందని మరొకరు రాసి ఉంటారు. పోయిన నెల ఒకావిడ తన మామగారు కాలం చేశారని రాసింది. దాని కింద కూడా 'సరే' వచ్చింది. అది ట్యాంకరుకు రాసిన 'సరే' అని నాకు గట్టి నమ్మకం. ఆవిడకు లేదు.

ఇది పెద్ద ఫిర్యాదేమీ కాదు. కాకపోతే, ఏది దేనికి తగులుకుని ఉందో చెప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో నేను దగ్గరి నుంచి చూశాను. చూడటమే కాదు, చేసింది కూడా నేనే.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. రక్తపరీక్షల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చేవాళ్లం. సాఫ్ట్‌వేర్‌లో ఏ చిన్న మార్పు చేయాలన్నా దానికి ఒక టికెట్ ఉండాలి. ఎవరు చేస్తున్నారు, ఎంతవరకు వచ్చింది, ఎప్పుడు పంపాలి అన్నీ ఆ టికెట్ మీదే రాసి ఉంటాయి. ఒక మార్పు ఇంకో మార్పు లేకుండా పోకూడదు అనుకుంటే ఆ రెండు టికెట్లకూ లింకు వేస్తారు. లింకు ఉంటే ఒకటి సిద్ధమైనా రెండోదాని కోసం ఆగుతుంది. లింకు లేకపోతే ఎవరి దారి వాళ్లదే.

సిరిసిల్లలో మా బాపు సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. బిడ్డ ఏం పని చేస్తుందో వాడకట్టుకు చెప్పుకోవాలి కాబట్టి నన్ను ఒకసారి అడిగాడు. టికెట్ల సంగతి చెప్పాను. సాంతం విని, "గదేముంది బిడ్డా, ఒక పడుగు ఒడిసినంక కొత్త పడుగు పోగులు పాత పోగులకు అతుకుతం గద, గంతే గద" అన్నాడు. అంతే అన్నాను. "ఒక్క పోగు ఇడిసినా గుడ్డ మొత్తం గీత కొడ్తది. మీ దాంట్ల ఎవలన్న ఇడుస్తరా?" అని అడిగాడు. మా దాంట్లో ఎవరూ ఇడవరు, మేం చదువుకున్నవాళ్లం అని చెప్పాను.

ఆఫీసులో నా పక్క సీటు గుంటూరు వైపు అమ్మాయిది. నాకంటే రెండేళ్లు సీనియర్. మొదటి ఏడాది మా ఇద్దరి టిఫిన్ డబ్బాలకు సరిహద్దులు ఉండేవి కావు. ఆమె గోంగూర నేను తినేదాన్ని, మా అమ్మ పంపిన సర్వపిండి ఆమె తినేది. ఉద్యమం ముదిరాక ముందు డబ్బాలకు మూతలు పడ్డాయి, తర్వాత మాటలకూ పడ్డాయి. మాట్లాడుకోవద్దని ఎవరం తీర్మానం చేయలేదు. మూడడుగుల దూరంలో కూర్చుని, టికెట్ల కింద 'దయచేసి గమనించగలరు' అని రాసుకునేవాళ్లం. ఆమె రాసేది, నేను గమనించేదాన్ని. ఆ నెలలో మా ఇద్దరి టికెట్ల మీద ఉన్నంత వివరం ఆ కంపెనీ చరిత్రలో మళ్లీ ఎవరూ రాయలేదని మా మేనేజర్ తర్వాత చాలాసార్లు మెచ్చుకున్నాడు.

అప్పుడే కరీంనగర్‌లోని ఒక ల్యాబుకు కొత్త మెషీన్లు వచ్చాయి. అవి రక్తంలో చక్కెరను వేరే కొలతలో చెప్పేవి. మనకు అలవాటైన కొలతలో నూట ఎనభై అయితే ఆ మెషీన్ పది అంటుంది. మెషీన్ చెప్పిన అంకెను తీసుకోవడం నా టికెట్. దాన్ని మన కొలతలోకి మార్చి రిపోర్టు మీద వేయడం ఆమె టికెట్. రెండూ కలిసి పోతే ఏ గొడవా లేదు. నాది ఒక్కటే పోతే, నూట ఎనభై ఉన్న మనిషికి పది ఉందని రిపోర్టు వస్తుంది.

అందుకని మేనేజర్ రెండింటికీ లింకు వేశాడు. ఆమె టికెట్ పైన, నాది కింద. మా టూల్‌లో కింది టికెట్ కొంచెం లోపలికి జరిగి, పెద్దవాళ్ల వెనక నిలబడ్డ చిన్నపిల్లలాగా కనిపించేది.

మామూలుగా మాటల్లేకపోయినా, ఒకరోజు భోజనాల దగ్గర నలుగురిలో మళ్లీ అదే రాష్ట్రం వాదన. "కలిసి ఉంటే మీకేం పోయింది?" అంది ఆమె. ఏమేం పోయిందో నీళ్ల దగ్గర మొదలుపెట్టి ఉద్యోగాల దాకా చెప్పాను. ఆమె సగంలో లేచి వెళ్లిపోయింది. నేను సీట్లోకి వచ్చి చూస్తే తెర మీద నా టికెట్ ఆమె టికెట్ కింద ఒదిగి ఉంది. లింకు పక్కన చిన్న ఇంటూ గుర్తు ఉండేది. నొక్కాను. తీసేయడం ఖాయమా అని అడిగింది టూల్. అంత పెద్ద ప్రశ్నను అంత మర్యాదగా అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. ఖాయమే అన్నాను.

ఇది తప్పని అప్పుడే తెలుసు. కానీ మార్పులు పంపడానికి ఇంకా నెల ఉందన్నారు. కోపం తగ్గాక మళ్లీ వేయొచ్చులే అనుకున్నాను. మర్నాటి నుంచి తెలంగాణ అంతటా సమ్మె. బస్సులు ఆగిపోతాయని తెలిసి, ఉన్న చివరి బస్సు పట్టుకుని సెలవు మీద సిరిసిల్ల వచ్చేశాను.

సమ్మెతో సిరిసిల్లలో కరెంటు లేదు. సాంచాల చప్పుడు ఆగిపోతే ఆ ఊరు వేరే ఊరిలా ఉంటుంది. బాపు అరుగు మీద కూర్చుని, పని లేని చేతులను ఏం చేయాలో తెలియక రేడియో విప్పి మళ్లీ బిగిస్తున్నాడు. వారం ఉన్నాను. తర్వాత చందుర్తి మీదుగా కోరుట్లకు పోయే చుట్టాల మోటారుసైకిలెక్కి మా అక్క దగ్గరికి వెళ్లాను. మా బావ సర్కారు బడి పంతులు, సమ్మెలో ఉన్నాడు. పొద్దంతా రోడ్డు మీదే. ఇంట్లో అక్క, ఇద్దరు పిల్లలు, అక్క అత్తగారు. ఆమెను నేనూ అత్తమ్మ అనే పిలుస్తాను. ఆమెకు షుగరు ఉంది, నోరు కూడా ఉంది.

వెళ్లిన మర్నాడు పదకొండింటికి మా మేనేజర్ నుంచి మెసేజ్. ల్యాబు వాళ్లు తొందరపెడుతున్నారని, సిద్ధంగా ఉన్న మార్పులన్నీ ఇవాళ సాయంత్రం నాలుగింటికి వాటంతటవే పోతాయని, అందరికీ అభినందనలని. నా టికెట్ సెలవుకు ముందే సిద్ధమైంది. ఆమెది అప్పటికి సగంలో ఉంది.

నేను ఆ మెసేజ్ చదువుతుంటే అత్తమ్మ వచ్చి నా ముందు ఒక చీటీ పెట్టింది. "గిది జూడు పిల్లా. పొద్దుగాల రక్తం దీస్కపోయిండ్రు. పాల వ్యాన్ల పంపుతరట, గదాన్ని ఎవలు ఆపుతలేరు గద. గీ సూదిమందు ఎంత ఏస్కోవాల్నో పొద్దుమీకి ఫోన్ల చెప్తరట."

చీటీ మీద ల్యాబు పేరు ఉంది. ఆ ల్యాబే.

కూర్చున్న చోటే లెక్క వేసుకున్నాను. మామూలుగా రెండు వందలు దాటే మనిషికి పదకొండో పన్నెండో వస్తుంది. ఎదురుగా ఉన్న డాక్టరైతే అనుమానిస్తాడు. ఫోన్‌లో అంకె విన్న ఇంటివాళ్లు అనుమానించరు. సూది ఆపి చక్కెర నీళ్లు తాగిస్తారు. అత్తమ్మకు ఒక్కమాట చెప్పి ఆపొచ్చు. కానీ ఆ పాల వ్యానులో ఇంకెందరి అత్తమ్మల రక్తం పోయిందో నాకు తెలియదు.

చీటీ మీది నంబరుకు చేశాను. రిపోర్టుల కోసం అయిదు తర్వాత చేయమని రికార్డు చేసిన గొంతు చెప్పింది. మేనేజర్‌కు రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. మూడోసారి చేయకపోవడానికి కారణం, ఎత్తుతాడేమోనన్న భయం. లింకు ఎందుకు తెంపావమ్మా అంటే నీళ్లు, ఉద్యోగాలు అని చెప్పలేను కదా. మిగిలింది పక్క సీటు అమ్మాయి. ఆమెకు చేయలేదు. చేయాలని తట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, తట్టింది.

నా ఫోన్‌లో పాము ఆట తప్ప ఏమీ లేదు. కోరుట్లలో నెట్ సెంటర్లు కరెంటు లేక మూసి ఉన్నాయి. జగిత్యాలలో నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు వెళ్లే సెంటర్‌లో జనరేటర్ ఉండేది. పాతిక కిలోమీటర్లు. అక్కడికి పోయి లింకు వేసేస్తే ఎవరికీ ఏమీ తెలియకుండా పోతుంది. ఇదీ నా పథకం.

ఊరి చివర రోడ్డు మీద అడ్డంగా టెంటు వేసి వంటావార్పు చేస్తున్నారు. పొయ్యి మీద పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది. మా బావ బండ్లను ఆపుతూ, మధ్యమధ్యలో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఏడుస్తున్నట్టు ఉన్నాడు గానీ అది ఉల్లిగడ్డల వల్లే.

"బావా, జగిత్యాల పోవాలి. బండి తియ్యవా?"

"గిదేంది మరదలా. రాస్తారోకో నేనే పెట్టి, నేనే బండి దియ్యాల్నా? దవాఖాన పనైతెనే ఇడుస్తున్నం."

"దవాఖాన పనే."

కత్తి పక్కన పెట్టాడు. "ఎవలకు బాగలేదు?"

"మీ అమ్మకు."

"పొద్దుగాల నాలుగు దోసెలు తిన్నది గద."

"ఇంకా కాలేదు బావా. నాలుగింటికి అయితది."

పక్కనున్న ఇంకో పంతులు గరిటె ఆపి నన్ను చూశాడు. బావను పక్కకు తీసుకుపోయి అంతా చెప్పాను. లింకు తెంపినదాకా విన్నాడు. లెక్కల పంతులు కాబట్టి పద్దెనిమిదితో భాగించి చూసుకున్నాడు. మొహం మారింది.

"ఎందుకు దెంపినవ్?"

"నా టికెట్ ఆమె టికెట్ కింద ఉండె."

బావ నా వైపు చూశాడు, వెనక 'ప్రత్యేక తెలంగాణ' బ్యానరు వైపు చూశాడు. ఆ బ్యానరు ముందు నిలబడి నన్ను తప్పు పట్టడం ఎలాగో అతనికి తోచలేదనుకుంటా. "సరే గని, తిని పోవాలె. తినకుంట ఎవల్నీ ఇడుస్తలేం, గది రూలు" అన్నాడు. రూలు పెట్టింది కూడా అతనే. విస్తరి వేశారు. వేడి వేడి అన్నం, పప్పు. మెతుకు గొంతులో దిగలేదు. దిగలేదని చెబితే ఇంకో గరిటె వేశారు.

ఒకటిన్నరకు బండి కదిలింది. పది కిలోమీటర్లు పోయామో లేదో ఇంకో ఊరు, ఇంకో టెంటు, ఇంకో గుండిగ. బావను దూరం నుంచే గుర్తుపట్టారు. ఆ ఊరి బడిలో అతను ఆరేళ్లు పనిచేశాడట.

"సారు అచ్చిండు, సారు మాట్లాడాలె."

"అర్జెంటు పనున్నదే, అచ్చేటప్పుడు మాట్లాడ్త."

"రెండు మాటలే సార్. మరదలికి కూడ అన్నం పెట్టుర్రి."

మా బావకు రెండు మాటలు చేతకావు. మైకు పట్టుకున్నాక ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడాడు. చాలా బాగా మాట్లాడాడని తర్వాత అందరూ అన్నారు. నేను రెండో విస్తరి ముందు కూర్చుని, నా గడియారం చూసుకుంటూ, ఒక్కో మెతుకుతో పాటు ఒక్కో నిమిషం మింగాను. "ప్రత్యేక రాష్ట్రం వచ్చేదాకా కదలం" అని అతను అన్నప్పుడు నిజంగానే కదలడేమోనని భయం వేసింది.

జగిత్యాల గడియారం టవర్ దగ్గరికి చేరేసరికి మూడుంబావు. నెట్ సెంటర్ తలుపు తెరిచే ఉంది. లోపల చీకటి. యజమాని నన్ను గుర్తుపట్టాడు.

"జనరేటర్ నడుస్తలేదా అన్నా?"

"జనరేటర్ మంచిగనే ఉన్నది. డీజిల్ లేదు. లారీలు వారం సంది అస్తలేవు."

"ఎక్కడ ఆగినయ్?"

ఆయన నా వెనక నిలబడ్డ బావను చూశాడు. మెడలో ఉద్యమం కండువా ఇంకా ఉంది. "సారును అడుగు" అన్నాడు. బావ బయటికి వెళ్లి టవర్ మీది గడియారాన్ని శ్రద్ధగా చూశాడు.

మూడు ఇరవై అయింది. ఫోన్‌లో చార్జింగ్ ఒక్క గీత మిగిలింది. ఇక పథకాలేమీ లేవు. నెట్ సెంటర్ మెట్ల మీద కూర్చుని ఆమె నంబరు నొక్కాను. ఆ భోజనాల వాదన తర్వాత మొదటిసారి.

మొదటి రింగుకే ఎత్తింది. "అన్నం తిన్నావా?" అంది.

"రెండుచోట్ల తిన్న" అన్నాను. తర్వాత ఆగకుండా చెప్పేశాను. టికెట్, లింకు, నాలుగు గంటలు, పాల వ్యాను, అత్తమ్మ. "నీది అయిపోయిందా? కాకపోతే నాది ఆపు. ఎట్లనన్న ఆపు. నేనే దెంపిన, నా తప్పే."

ఫోన్ ఆగిపోయిందేమోనని చెవి దగ్గర నుంచి తీసి చూసుకున్నాను.

"నువ్వు తెంపిన సాయంత్రమే నేను మళ్లీ వేశాను" అంది. "తెంపితే ఇద్దరికీ మెయిల్ వస్తుంది కదా, తెలీదా నీకు? నువ్వు సెలవులో ఉన్నావు, చూసుకున్నట్టు లేవు. నాది నిన్ననే పూర్తయింది. రెండూ కలిసే పోతాయి నాలుగింటికి."

నేను మెట్టు మీద నుంచి లేచి మళ్లీ కూర్చున్నాను.

"ఇంకోటి" అంది. "నీ కింద నాది పెట్టాను ఈసారి. పైనుంటేనే కదా నువ్వు ఊరుకునేది. నా టికెట్ కింద ఉంటే నీకు తెలంగాణ రాదనుకున్నావా ఏంటి?"

దానికి జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు, ఫోన్ చార్జింగ్ అయిపోయింది.

బావ పరుగెత్తుకొచ్చాడు. "ఏమన్నది? ఆపిందా?"

"ఆపే పని లేదు. వారం కిందనే అతికింది."

"మరి మనం ఎందుకచ్చినం?"

అది మంచి ప్రశ్నే. మేమిద్దరం టవర్ కింద నిలబడి కొంతసేపు నవ్వాం. నెట్ సెంటర్ యజమాని మాకు చాయ్ తెప్పించి, దీనికి పైసలు వద్దన్నాడు. చెమట పట్టిన నా మొహం చూసి ఏదో పరీక్ష తప్పాననుకున్నాడట. నాలుగు గంటలు అయింది, గడియారం నాలుగు కొట్టింది, కరీంనగర్‌లో ఎక్కడో రెండు టికెట్లు జంటగా వెళ్లిపోయాయి. ఇంత తేలికగా ఊపిరి పీల్చిన సాయంత్రాలు నా జీవితంలో ఎక్కువ లేవు. తిరుగు ప్రయాణంలో దారి ఊరి వాళ్లు మళ్లీ ఆపి మైకు ఇస్తే, బావ నిజంగా రెండు మాటలే మాట్లాడాడు.

అయినా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఆమె మాట మీద కాదు, నా టికెట్ మీద. ఇల్లు చేరేసరికి అక్క చీటీలోని నంబరుకు ఫోన్ చేస్తోంది. పక్కన అత్తమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, తీర్పు వినబోయే మనిషిలా కూర్చుంది. బావ గడపలోనే ఆగిపోయాడు. నేను చెప్పులు కూడా విప్పలేదు.

అక్క వింటూ వింటూ మొహం ముడుచుకుంది. ఫోన్ పక్కకు పెట్టి, నీరసంగా చెప్పింది.

"రెండు వందల పన్నెండట."

నేను, బావ ఒక్కసారే గట్టిగా నవ్వాం. బావ నా చేతిని పట్టుకుని ఊపాడు. నా కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. అక్క నోరు తెరుచుకుని మా ఇద్దరినీ చూస్తోంది.

అత్తమ్మ కాళ్లు ముడుచుకుని, మొదట కొడుకును, తర్వాత నన్ను తేరిపార చూసింది.

"నాకు షుగరు పెరిగితే మీకు గంత సంబురం ఏందే?"